మిరప చేతులు

మాఘమాసం వచ్చిందంటే చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో మనుషుల్ని ఎవరూ నిద్ర లేపనక్కర్లేదు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటే ఇంటింటికీ వెళ్ళి లేపుతుంది. అంకమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఘాటులోనే బతుకుతోంది. అయినా పొద్దున్నే నాలుగు తుమ్ములు తుమ్మనిదే ఆమెకు తెల్లారినట్టుండదు. ఆ రోజు కూడా తుమ్ముకుంటూనే టీ కాచింది, క్యారేజీలో అన్నం సర్దింది, చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంది. ఇంకాసేపట్లో గౌస్ బాషా ఆటో వస్తుంది. ఆటో నిండా కోత కూలీలుంటారు. వాళ్ళతో పాటే తనూ ఎక్కి తమ కౌలు చేలోకి పోవాలి.

వసారాలో అత్త నాగరత్తమ్మ అప్పటికే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెంబుకు ఆనించిన సెల్‌ఫోన్‌లోకి తొంగి చూస్తోంది. కంట్లో పొర పెరిగి చూపు మసకేసింది గనక ముక్కు ఫోనుకు తగిలేదాకా వంగింది. ఫోన్లో మనవరాలు త్రివేణి. దక్షిణాఫ్రికాలో ఇంకా చీకటిగానే ఉంది. త్రివేణి గుండెల మీద కట్టుకున్న తువ్వాలులోంచి నల్లటి చిన్న మొహం ఒకటి బయటకు చూస్తోంది.

"ఇటు చూడు నాయనమ్మా. ఇదే మా రత్తాలు."

"ఓసి నీ దుంపతెగ! నా పేరు కోతికి పెట్టావంటే?"

"నీలాగే ఉంది మరి. పాలసీసా కాస్త ఆలస్యమైతే చాలు, ఇల్లు పీకి పందిరేస్తది."

నాగరత్తమ్మ బోసినోటితో విరగబడి నవ్వింది. ఆవిడ నోట త్రివేణి ఎప్పుడూ తిరేణే. "అది కాదే తిరేణీ, దాని అమ్మ ఏమైందే?"

"రోడ్డు దాటతా కారు కింద పడింది. తల్లి పొట్టని పట్టుకునే ఉన్నదంట ఇది, ఎవరో తెచ్చిచ్చారు. ఇప్పుడు నేనే దాని అమ్మని. నేను కనపడకపోతే పాలు ముట్టదు నాయనమ్మా. మొన్న నాకు జ్వరమొస్తే వేరే అమ్మాయి చేతికిచ్చారు, నోరు తెరిస్తే ఒట్టు. ఇంకొన్నాళ్ళకి పిల్లల్లేని తల్లికోతి ఒకదానికి అలవాటు చేస్తారు. అప్పటిదాకా నేను ఇక్కణ్ణుంచి కదలకూడదు. కదిలానంటే ఇది బతకదు."

లోపల్నుంచి అంకమ్మ టీ గ్లాసుతో వచ్చి అత్త భుజం మీదుగా ఫోన్లోకి చూసింది. "అన్నం తింటన్నావా?" అని అడిగింది.

"ఆఁ."

"అక్కడ చలిగా ఉందా?"

"లేదు. నాయనమ్మకివ్వు."

తల్లీకూతుళ్ళ సంభాషణ ఎప్పుడూ అంతే. రెండు ముక్కలు, ఆ రెండూ ఆకలి గురించీ వాతావరణం గురించీ. అంకమ్మ గ్లాసు అత్త చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది.

త్రివేణి పశువుల పాలిటెక్నిక్ చదివి, గుంటూరులో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసింది. అక్కడి డాక్టరమ్మ చెప్పగా విని, దిక్కులేని అడవి జంతువుల్ని కాపాడి మళ్ళీ అడవికి పంపే దక్షిణాఫ్రికాలోని ఒక కేంద్రానికి సేవ చేయడానికని దరఖాస్తు పెట్టుకుంది. ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. జీతం లేకుండా కోతులకు పాలు పట్టడానికి విమానమెక్కి పోవాలా, మన కోటప్పకొండ మీద లేవా కోతులు అన్నారు. అంకమ్మ నవ్వలేదు గానీ పంపనని భీష్మించుకుంది. "మా అమ్మ ఒప్పుకుంది, నాకది చాలు" అంది త్రివేణి. మా అమ్మ అంటే నాయనమ్మ. వెళ్ళేరోజు నాయనమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. అంకమ్మకు మాత్రం ఆటోలోంచి చెయ్యి ఊపింది.

తప్పెవరిదని అడిగితే చెప్పడం కష్టం. త్రివేణి నెలల పిల్లగా ఉన్నప్పుడు కోతల కాలమొచ్చింది. కౌలు చేను, ఇంటి మనిషి దిగకపోతే గిట్టుబాటు కాదు. అంకమ్మ పొద్దంతా కాయలు కోసి, ఇంటికొచ్చి, చేతులు సబ్బుతో తోముకుని తోముకుని పిల్లకు పాలిచ్చింది. మొహం మీద పాలచుక్క పడితే వేలితో తుడిచింది. మిరప మంట సబ్బుకు పోయేది కాదని ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాలు చేపుకొచ్చి గుండెలు పగిలిపోతుంటే ఆ బాలింతకు ఆ సంగతి గుర్తురాలేదు, అంతే. పిల్ల కళ్ళు వాచి, గుక్కపట్టి ఏడ్చి, ఊపిరాడక నీలంగా మారిపోయింది. నాగరత్తమ్మ పరుగున వచ్చి పిల్లను లాక్కుంది. "మిరప చేతుల్తో నా పిల్లని ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

కోతలు అయ్యేదాకా అంకమ్మ దూరం నుంచే చూసింది. కోతలయ్యాక చేతులు చల్లబడ్డాయి. రెండు చేతులూ చాచి "రావే" అంటే, పిల్ల నాయనమ్మ భుజంలో మొహం దాచుకుంది. ఆ ఏటికి పోనీలే అనుకుంది. తర్వాత పత్తి తీతలు, మళ్ళీ మిరప. ఏళ్ళు అట్లాగే దొర్లిపోయాయి.

ఆ ఫోను మాట్లాడిన వారంలోనే నాగరత్తమ్మ దొడ్లో బట్టలారేస్తూ కూలబడింది. పక్షవాతం. గుంటూరు తీసుకెళితే డాక్టరు అన్నీ చూసి, వయసైపోయింది, ఇంటికి తీసుకెళ్ళి కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. ఎడమ పక్క పడిపోయింది. ఉన్న కాస్త చూపూ పోయి వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తున్నాయి. మాట ముద్దగా వస్తోంది. వచ్చిన ప్రతి మాటా ఒకటే. "తిరేణి వచ్చిందా?"

అంకమ్మ మొగుడు యలమందయ్య మెత్తటి మనిషి. తల్లిని ఆ స్థితిలో చూసి నిలువునా నీరైపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"దానికి చెప్తన్నా. వచ్చెయ్యమంటన్నా."

అంకమ్మ ఫోను మీద చెయ్యి వేసింది. "చెప్పమాకయ్యా."

"ఏందే నువ్వనేది? మా అమ్మ అడిగేది దాన్నొక్కదాన్నే. నిన్నడిగిందా, నన్నడిగిందా?"

"అందుకే చెప్పమాకంటన్నా. చెప్తే ఉన్నపళాన వచ్చేస్తది. వస్తే ఆడ ఆ పిల్ల చచ్చిపోద్ది."

"ఏ పిల్లే? కోతిపిల్లా? మా అమ్మ కన్నా కోతిపిల్ల ఎక్కువంటే నీకు?" యలమందయ్య అంత గట్టిగా అరవడం అంకమ్మ ఎప్పుడూ వినలేదు.

"నాకు ఎక్కువ కాదు, దానికి. అది పొయ్యింది దానికోసమేగా. రొమ్ముకు కరుచుకున్న పిల్లని మధ్యలో లాగి అవతల పెట్టటం ఎట్టా ఉంటదో నీకు తెలవదు. నాకు తెలుసు. ఈడ అత్త, ఆడ ఆ పిల్ల, రెండూ పొయ్యాయనుకో, అది మళ్ళా మనిషి కాదయ్యా."

యలమందయ్య అరుగు మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు. "రేపు దానికేం సమాధానం చెప్తావు?"

"నేను చెప్పుకుంటాలే. నన్ను తిట్టుకోవటం దానికి కొత్తా?"

ఆ రోజు నుంచి ఫోను వస్తే ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. నాయనమ్మ పడుకుంది, నాయనమ్మకు గొంతు పట్టేసింది, ఫోను కెమెరా పాడైంది. అబద్ధాలాడటం చేతకాని యలమందయ్య మాటిమాటికీ తడబడితే, అంకమ్మ ఫోను లాక్కుని తనే చెప్పేది.

అబద్ధం ఫోన్లోకి చెప్పడం తేలికే, మంచంలో ఉన్న మనిషికి ఏం చెప్పాలి? ఒకరోజు చేలోంచి వచ్చిన అంకమ్మ జావ తాగిద్దామని అత్త చెయ్యి పట్టుకుంది. ముసలావిడ చురుక్కున చెయ్యి లాక్కుంది.

"మిరప చేతులు... నీయి... తిరేణి చేతులు చల్లగుంటయ్యి... తిరేణిని పిలువు..."

జావ ముట్టలేదు. ఆ పూటే కాదు, మర్నాడూ ముట్టలేదు. అంకమ్మ గిన్నె పట్టుకుని ఆ మంచం పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకుంది. ఎర్రగా, పగుళ్ళు పట్టి, గోళ్ళ కింద పసుపురంగు గింజల పొట్టు ఇరుక్కుని ఉన్నాయి. లేచి వెళ్ళి చొక్కా విప్పి దండెం మీద పడేసింది.

తెల్లారి గౌస్ బాషా ఆటో వచ్చి హారను కొడితే అంకమ్మ గుమ్మంలోకి వచ్చి, "మీరు పొండి బాషా, నేను రాను" అంది.

"వొంట్లో బాలేదా వదినా?"

"బాగానే ఉన్నా. ఈ కోతకింక రాను."

ఆటోలో ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పండిన చేను పెట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడదాన్ని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. అత్త బాగున్నన్నాళ్ళూ ఉప్పూ నిప్పూ, ఇప్పుడు ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చిందా అని బోరింగు దగ్గర చెప్పుకున్నారు. చెప్పుకోనీ. అంకమ్మ చేతులకు చింతపండు రుద్దింది, పుల్లమజ్జిగలో నానబెట్టింది, కొబ్బరినూనె పట్టించి గుడ్డలు చుట్టుకుంది. అన్నాళ్ళూ యలమందయ్య చెంచాతో పోసిన నీళ్ళతోనే ముసలావిడ ప్రాణం నిలిచింది. కొన్నాళ్ళకు మంట చల్లారింది. పగుళ్ళు పూడాయి. పూర్తిగా మెత్తబడలేదు గానీ, మంట లేకుండా చల్లగా ఉన్నాయి.

అప్పుడు వెళ్ళి అత్త పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చెయ్యి చేతిలో పెట్టింది.

ముసలి వేళ్ళు ఆ చేతిని తడిమాయి. "వచ్చావంటే?" అంది నాగరత్తమ్మ. మాట్లాడితే గొంతు గుర్తుపడుతుందని అంకమ్మ మెల్లగా చెయ్యి నొక్కింది. ముసలావిడ ఆ చేతిని చెంప కింద పెట్టుకుంది. జావ నోటి దగ్గర పెడితే తాగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న యలమందయ్య కండువాతో మొహం కప్పుకుని దొడ్లోకి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ అదే వరస. చేలో కాయ చెట్టు మీదే ఎండి రాలిపోతోందని మొగుడు చెబితే ఊఁ కొట్టేది. అకాలపు వాన కురిసి కల్లంలో సగం కాయ తెల్లబడి తాలైపోయిందన్న రోజు కూడా ఊఁ కొట్టింది. చెయ్యి మాత్రం అత్త చెంప కిందే ఉంది. కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఎవరైనా తన చెయ్యి అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. అయితే ఆ పట్టుకునేది తనది అనుకుని కాదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం అంకమ్మకు ఏడుపొచ్చేది. రెండో చేత్తో కళ్ళు తుడుచుకునేది.

ఒక పొద్దున యలమందయ్య కల్లానికి వెళ్ళాడు. వసారాలోకి ఎండ వచ్చింది. నాగరత్తమ్మ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అంకమ్మ చెయ్యి ఇచ్చింది. ముసలావిడ దాన్ని ఎప్పట్లా చెంప కింద పెట్టుకోలేదు. తన గుండెల మీదకు లాక్కుని, చూపులేని కళ్ళతో అంకమ్మ వైపే మొహం తిప్పింది.

"అంకమ్మా."

అంకమ్మ ఉలిక్కిపడింది.

"నీ చేతులూ చల్లగానే ఉంటయ్యే అంకమ్మా" అంది నాగరత్తమ్మ. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

కర్మకాండలన్నీ అయిపోయాయి. త్రివేణికి చెప్పలేదు. రత్తాలుని తల్లికోతికి అప్పగించే పని నడుస్తోందని, అది కాగానే బయల్దేరుతున్నానని త్రివేణే ఫోన్లో చెప్పింది. ఇంకెంత, ఇంటికొచ్చాక నిదానంగా చెబుదాం అనుకుంది అంకమ్మ. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి బతిమాలుకుంది. పిల్లకు దోవలో ఎవరూ నోరు జారొద్దు, కడుపుకింత తిన్నాక నేనే చెప్పుకుంటాను అంది. అందరూ సరేనన్నారు. పేట నుంచి తీసుకురావడానికి వెళుతున్న గౌస్ బాషాతో మరీ మరీ చెప్పింది. అతను ఒట్టేశాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

ఊరంతా నోరు కట్టుకుంది గానీ, ఊరి మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ సంగతి ఒక్కరికీ తట్టలేదు. పెద్దకర్మకు యలమందయ్య అన్న కొడుకులు కట్టించారు దాన్ని. ఆటోకు రెండింతలున్న నాగరత్తమ్మ ఫోటో, పైన కన్నీటి నివాళి అని అక్షరాలు, కింద వరసగా మనవళ్ళ ఫోటోలు. ఆ వరసలో త్రివేణి ఫోటో కూడా ఉంది. రోజూ దాని కిందనుంచే వచ్చీపోయే వాళ్ళకు అది కళ్ళకు ఆనడం ఎప్పుడో మానేసింది.

ఆటో వాకిట్లో ఆగింది. గౌస్ బాషా దిగి తలొంచుకున్నాడు. "నేను చెప్పలేదు వదినా. అల్లాతోడు. మలుపులో..." అని ఆగిపోయాడు.

త్రివేణి సంచి కూడా దించుకోకుండా వసారాలోకి నడిచింది. ఖాళీ మంచం చూసింది. ఏడవలేదు. తల్లి వైపు తిరిగింది.

"ఎప్పుడు?"

అంకమ్మ చెప్పింది.

"జబ్బు ఎప్పట్నుంచి?"

అదీ చెప్పింది.

"అంటే అన్నాళ్ళు మంచంలో ఉంటే నాకు నిద్రపోతందని చెప్పావు. పొయ్యాక కూడా నిద్రపోతందనే చెప్పావు."

"ముందు కాళ్ళు కడుక్కోవే, ఇంత తిని..."

"నేను తినను!" త్రివేణి అరిచింది. "నీకు మొదట్నుంచీ మా ఇద్దర్నీ చూస్తే కడుపుమంట. నన్ను పెంచింది ఆవిడ. ముద్దలు పెట్టింది ఆవిడ, జడలేసింది ఆవిడ. నువ్వెప్పుడన్నా దగ్గరికి తీసుకున్నావా? నువ్వు చేతులు కడుక్కుని వచ్చేలోగా నేను పెద్దదాన్నైపొయ్యా. పోనీ, నాకేం చెయ్యకపోతే పొయ్యావు. ఆఖరి చూపు కూడా దక్కకుండా చేశావే! ఏం పాపం చేశానమ్మా నీకు?"

అంకమ్మ తలుపుకు ఆనుకుని నిలబడి అన్నీ వింది.  తిడుతుందని ముందే అనుకుంది గానీ, ఇంత లోపలికి దిగుతుందనుకోలేదు.

ఇంతసేపూ అరుగు మీద కూర్చున్న యలమందయ్య లేచి వచ్చాడు.

"ఇంక చాల్లేవే. నేను చెప్పొద్దనుకున్నా, మీ అమ్మ చెప్పనీదు. నీకు ఫోను చేస్తానంటే ఆ కోతిపిల్ల చచ్చిపోద్దని నా చేతులు పట్టుకుని ఆపింది. మీ నాయనమ్మ నీ పేరే కలవరిస్తా జావ కూడా ముట్టకపోతే, పండిన చేను వదిలేసి ఇంట్లో కూర్చుంది. మజ్జిగలో చేతులు నానేసుకుని, మంట పొయ్యాక, నువ్వే వచ్చావని ముసల్దాని చేతిలో తన చెయ్యి పెట్టింది. నోరెత్తితే తెలిసిపోద్దని పొద్దస్తమానం మాట్టాడకుండా కూచుంది. కాయంతా తాలైపొయ్యిందే తిరేణీ. ఒక్క మాట అనలేదు." తల్లి పిలిచే పేరు తన నోట వచ్చేసరికి అతను వాకిలి వైపు తిరిగి నిలబడ్డాడు.

త్రివేణి తల్లిని చూసింది. ఆ తర్వాత తల్లి చేతుల్ని చూసింది. సంచి భుజం మీంచి జారి కింద పడింది. మెల్లగా వచ్చి మంచం మీద కూర్చుంది. 

"రత్తాలుని ఇచ్చేశానమ్మా. తల్లికోతి బోను దగ్గరికి తీసుకెళ్తే నా చొక్కా పట్టుకుని వదల్లేదు. వేలూ వేలూ విప్పి ఇచ్చా. వెనక్కి చూడొద్దన్నారు. చూస్తే అది మళ్ళా నాకోసమే ఏడుస్తది, ఆ తల్లి దగ్గరికి పోదు, బతకదు. నేను చూడలేదు. గోడ వెనకాల కూచుని దాని ఏడుపు విన్నా. తర్వాత తర్వాత అది నన్ను మర్చిపొయ్యింది. ఎదురుగా నిలబడ్డా మొహం తిప్పుకుని ఆ తల్లి పొట్టకి కరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారమ్మా. బాగా చేశావన్నారు. నాకు మాత్రం..."

 తలెత్తి, ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు తల్లి మొహంలోకి చూసింది.

"నాకు ఈ కాస్తకే ప్రాణం పోతంది. నువ్వు ఇన్నేళ్ళు ఎట్టా ఉన్నావమ్మా?"

అంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పనుండేది గదే. పని చేసుకుంటా ఉన్నా" అంది.

వచ్చి కూతురి పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది. యలమందయ్య గౌస్ బాషాను పంపించడానికి వాకిట్లోకి వెళ్ళాడు. 

"నాయనమ్మ నేననే అనుకుందా?" అంది త్రివేణి.

"ఆఁ."

"ఆఖరి దాకా?"

"ఆఁ."

"పొయ్యేముందు ఏమన్నా అందా అమ్మా?"

 ఆ ఆఖరి మాట విన్నది అంకమ్మ ఒక్కతే. మొగుడికి కూడా చెప్పుకోలేదు. అన్నేళ్ళ కాపురంలో అత్త తనను పేరు పెట్టి అంత మెత్తగా పిలిచింది ఆ ఒక్కసారే. ఆ మాటను రోజూ లోపల్లోపల అనుకుంటూ, దాని మీదే కాలం గడుపుతోంది. పక్కన కూతురు ఊపిరి బిగబట్టి తన నోటివంకే చూస్తోంది.

"అందే" అంది అంకమ్మ. "తిరేణీ, నీ చేతులు చల్లగా ఉన్నయ్యే, అంది. అని నిమ్మళంగా కళ్ళు మూసుకుంది."

త్రివేణి బావురుమని తల్లి ఒళ్ళో పడిపోయింది. ఆ బరువు ఒళ్ళో పడగానే అంకమ్మ అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తి, పిల్లకు తగలకుండా దూరంగా పట్టుకుంది. కాసేపు అట్లాగే ఉంది. తర్వాత మెల్లగా దించి కూతురి తల మీద పెట్టింది.